ఆజ్ఞను తూచి చూసిన సైనికులు

ఏ దేశపు సైనిక చరిత్ర తెరిచినా వీరుల పట్టికలో ముందు వరుసలు ఎంతమంది శత్రువులను కూల్చారన్న లెక్కలతోనో, ఎంతటి ఘోర పరిస్థితిలో ప్రాణం విడిచారన్న వృత్తాంతాలతోనో నిండి ఉంటాయి. ఆ త్యాగాలను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే యుద్ధ చరిత్రలు చదివే అలవాటున్న నాకు పదేపదే గుర్తుకు వచ్చేవారు వేరే కోవకు చెందినవారు. పైనుంచి వచ్చిన ఆజ్ఞనో, ముందే రాసిపెట్టిన నియమావళినో ఒక్క క్షణం ఆగి సొంత వివేకంతో తూచి చూసినవారు. మారు మాట్లాడకుండా పాటించడమే సైన్యానికి ఊపిరి కనుక ఇటువంటివారు అరుదు. సకాలంలో వారికి గౌరవం దక్కడం మరీ అరుదు.

మన దేశంలో ఈ కోవకు మొదటివాడిగా నేను చెప్పుకునేది చంద్రసింగ్ గఢ్వాలీ పేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సులోనూ మెసొపొటేమియాలోనూ బ్రిటిష్ సైన్యం తరఫున పోరాడిన ఈయన 1930 నాటికి రాయల్ గఢ్వాల్ రైఫిల్స్‌లో హవల్దార్ మేజర్. ఆ ఏడాది ఏప్రిల్ 23న ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌నూ ఇతర నాయకులనూ అరెస్టు చేయడంతో పెషావర్‌లోని కిస్సా ఖ్వానీ బజారు జనంతో నిండిపోయింది. సాయుధ శకటాలు అప్పటికే కొందరిని పొట్టనపెట్టుకున్నాయి. హిందువులైన గఢ్వాలీ సిపాయిలు ముస్లింలైన పఠాన్ల మీద కాల్పులకు వెనుకాడరన్నది పాలకుల అంచనా. బ్రిటిష్ అధికారి కాల్చమని ఆదేశించగానే చంద్రసింగ్ గొంతు అంతకంటే గట్టిగా లేచింది: "గఢ్వాలీ, సీజ్ ఫైర్!" ఎక్కుపెట్టిన తుపాకులు కిందికి దిగాయి. నిరాయుధుల మీద కాల్చబోమని సిపాయిలు తేల్చి చెప్పారు. ఆ రోజు ఇతర దళాల తూటాలకు ఎందరో నేలకొరిగారు కానీ, వాటిలో గఢ్వాలీలు పేల్చిన తూటా లేదు.

కోర్టు మార్షల్‌లో గఢ్వాల్‌కే చెందిన బారిస్టర్ ముకుందీలాల్ వారి పక్షాన వాదించారు. చంద్రసింగ్‌కు యావజ్జీవ శిక్ష పడింది, ఆస్తి జప్తయింది. పదకొండేళ్లకు పైగా జైళ్లలో మగ్గి 1941లో ఆయన విడుదలయ్యారు. ఇందులో నన్ను ఎప్పుడూ ఇరకాటంలో పెట్టే విషయం గాంధీజీ వైఖరి. కాల్చమన్న ఆజ్ఞను ధిక్కరించిన సైనికుడు తాను చేసిన ప్రమాణాన్ని భంగపరిచినట్టేననీ, రేపు తాము అధికారంలోకి వస్తే అదే సైన్యంతో పనిచేయించుకోవాల్సి వస్తుంది కనుక అటువంటి ధిక్కారాన్ని ప్రోత్సహించలేననీ ఆయన ఒక ఫ్రెంచి పాత్రికేయుడితో అన్నారు. పరిపాలకుడి కోణంలో ఆ మాటలో తర్కం లేకపోలేదు. అయినా అహింసను బోధించిన మనిషి అహింసను పాటించిన సిపాయిని వెనకేసుకు రాలేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ తర్వాత పదిహేనేళ్లయినా గడవకముందే, పై అధికారి చెప్పాడు కాబట్టి చేశానన్నంత మాత్రాన నేర బాధ్యత తొలగిపోదని, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నేతలను విచారించిన న్యూరెంబర్గ్ న్యాయస్థానం ప్రపంచానికి చాటింది.

ఆ సూత్రం పొలాల మధ్య, బురద కాలువల మధ్య ఎంత కష్టమైన పరీక్షగా ఎదురవుతుందో తెలుసుకోవాలంటే 1968 మార్చి 16న వియత్నాంలోని మై లై గ్రామంలో ఏం జరిగిందో చూడాలి. అమెరికన్ సైనికులు అక్కడ వృద్ధులనూ స్త్రీలనూ పసిపిల్లలనూ ఊచకోత కోశారు. వియత్నాం లెక్క ప్రకారం మృతులు 504 మంది. పైన చిన్న పరిశీలక హెలికాప్టర్‌లో తిరుగుతున్న వారంట్ ఆఫీసర్ హ్యూ థాంప్సన్‌కు వయసు 24 ఏళ్లు. మొదట ఆయనకు ఏమీ అర్థం కాలేదు. గాయపడినవారి పక్కన సాయం కోసం పొగడబ్బాలు వేసి గుర్తు పెడితే, కాసేపటికి వారూ శవాలై కనిపించారు. ఒక మట్టి బంకరులో దాక్కున్న గ్రామస్థుల వైపు సైనికులు నడిచి వస్తుండడం చూసి, ఆ ఇరువురికీ మధ్య హెలికాప్టర్‌ను దించేశారు. తాను దిగి ఆ గ్రామస్థులను బయటికి పిలుస్తాననీ, మనవాళ్లు వారి మీద కాల్పులు జరిపితే మనవాళ్లనే కాల్చమనీ తన సిబ్బంది లారెన్స్ కోల్‌బర్న్, గ్లెన్ ఆండ్రియోటాలకు చెప్పారు. తన హెలికాప్టర్‌లో అంతమందికి చోటు లేకపోవడంతో, తోడుగా ఎగురుతున్న పెద్ద హెలికాప్టర్‌ను రేడియోలో బతిమాలి దింపించి వారిని తరలించారు. తిరిగి పైకి లేచాక శవాలతో నిండిన ఒక కాలువలో ఏదో కదిలినట్టు ఆండ్రియోటా గమనించాడు. ఆ శవాల మధ్యకు దిగి, ఒళ్లంతా రక్తంతో తడిసిన ఒక పిల్లవాడిని సజీవంగా బయటికి తీశాడు. అతన్ని క్వాంగ్ ఙాయ్‌లోని ఆస్పత్రికి చేర్చారు. మూడు వారాలకే ఆండ్రియోటా యుద్ధంలో మరణించాడు.

సాక్ష్యం చెప్పినందుకు థాంప్సన్‌కు స్వదేశంలో దక్కినవి బెదిరింపు ఫోన్లు, గుమ్మం ముందు పడేసిన జంతువుల కళేబరాలు. శిక్ష పడాల్సింది ఎవరికైనా ఉంటే ఈ పైలట్‌కే అన్న ధోరణిలో మాట్లాడిన అమెరికా కాంగ్రెస్ (చట్టసభ) సభ్యుడూ ఉన్నాడు. ఆ ఊచకోతకు శిక్ష పడింది, అందులో ఒక దళాన్ని నడిపించిన లెఫ్టినెంట్ కేలీ ఒక్కడికే. అతడూ మూడున్నరేళ్లు, అందులోనూ అధిక భాగం గృహ నిర్బంధంలో గడిపి బయటపడ్డాడు. థాంప్సన్ బృందానికి సోల్జర్స్ మెడల్ ఇవ్వడానికి అమెరికాకు 30 ఏళ్లు పట్టింది.

సోవియట్ అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ కథ ఇటీవల చాలామందికి తెలిసిందే కనుక క్లుప్తంగా చెబుతాను. 1983 సెప్టెంబర్ 26న ఉపగ్రహ హెచ్చరిక వ్యవస్థ అమెరికా నుంచి అయిదు క్షిపణులు బయలుదేరాయని మోగితే, నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు అయిదింటితో మొదలుపెట్టడని తర్కించి, అది యంత్రం లోపమని ఆయన పైకి తెలియజేశారు. మేఘాల మీద పడిన సూర్యకాంతిని యంత్రం పొరబడిందని తర్వాత తేలింది. తన తోటివారంతా ఆజ్ఞలకు అలవాటుపడిన వృత్తి సైనికులనీ, తనది పౌర విద్య కావడం కలిసివచ్చిందనీ ఆయన చెప్పుకున్నారు. బహుమతి మాట అటుంచి, ఆ సమయంలో లాగ్‌బుక్ సరిగా నింపలేదని ఆయనకు మందలింపు దక్కింది.

ధిక్కారమల్లా ఒక దిశలోనే సాగుతుందని అనుకోనక్కర్లేదు. 1971 డిసెంబర్ 16న పాకిస్తాన్‌తో జరిగిన బసంతర్ యుద్ధంలో, మండుతున్న ట్యాంకును వదిలి రమ్మన్న ఆజ్ఞను 21 ఏళ్ల అరుణ్ ఖేతర్‌పాల్ తిరస్కరించాడు. తన ఫిరంగి ఇంకా పనిచేస్తోందని బదులిచ్చి, పోరాడుతూ అమరుడై పరమ వీర చక్ర పొందాడు. అతడు పణంగా పెట్టింది సొంత ప్రాణాన్ని. ఇక విధేయతకు పరాకాష్ఠగా చాలామంది కీర్తించే జపాన్ అధికారి హిరూ ఒనోడా, 1945లోనే యుద్ధం ముగిసిందని చెప్పే కరపత్రాలను నమ్మకుండా ఫిలిప్పీన్స్‌లోని లుబాంగ్ దీవి అడవుల్లో దాగి, తన పాత మేజర్ స్వయంగా వచ్చి ఆజ్ఞ చదివి వినిపించిన తర్వాత గానీ, అంటే 1974 దాకా, ఆయుధం దించలేదు. ఆ పట్టుదల నన్నూ ఒకప్పుడు ఆకట్టుకుంది. కానీ ఆయనా ఆయన సహచరులూ ఆ ఏళ్లలో చంపినవారు దాదాపు 30 మంది దీవివాసులు, పొలం పనులు చేసుకునే సామాన్యులు. ఫిలిప్పీన్స్‌లోని అప్పటి మార్కోస్ ప్రభుత్వం క్షమాభిక్ష పెట్టడంతో ఆ మరణాలకు విచారణే లేకుండా పోయింది. స్వదేశంలో ఆయనకు వీరోచిత స్వాగతం లభించింది. ఒనోడా గురించి వ్యాసం రాసేవారు ఆ 30 మంది సంగతి కూడా, కనీసం ఒక వాక్యంలోనైనా, రాయాలని నా అభిప్రాయం.