గోలీ ఉన్న సీసా

పన్నెండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకే ఆ సీసా గొడవలో నిద్ర పట్టలేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు మరిది ఖాళీ చేసి వెళ్లిన విస్కీ సీసా అది. పలకల సీసా, మందపాటి అడుగు, భుజాల దగ్గర గాజులోనే పొంగిన అక్షరాలు. మనీప్లాంట్‌కి ఇంతకంటే మంచిది దొరకదని, అత్తయ్య కంట పడకుండా బియ్యం డబ్బా వెనక దాచాను. ఇవాళ మధ్యాహ్నం తీసి కుళాయి కింద పెడితే లోపలికి చుక్క దిగదు. నీళ్లన్నీ పక్కల నుంచి కారిపోతున్నాయి. చూస్తే మూతి లోపల ప్లాస్టిక్ బిరడా, అందులో ఒక గోలీ. వంచితే గోలీ పక్కకి జరిగి లోపలున్నది బయటికొస్తుంది. నిలబెడితే వచ్చి దారికడ్డంగా కూర్చుంటుంది. చాకుతో పొడిచాను, వేడినీళ్లలో ముంచాను, పట్టకారుతో లాగాను. బొటనవేలు గీసుకుపోయింది. గోలీ టిక్కు టిక్కుమని కదిలిందే కానీ ఊడి రాలేదు.

ఇంత అందంగా చేసి, ఒక్కసారి వాడి పారేయమంటారా? మధ్యాహ్నం నుంచీ అదే మంట. సీసా రూపం మీద వీళ్లు ఎంత బుర్ర పెడతారో! ఓడల్లో వెళ్లేటప్పుడు తక్కువ పగలాలని, ఉన్న చోటులోనే ఎక్కువ పట్టాలని జానీ వాకర్ వాళ్లు 1860ల్లోనే పలకల సీసాకి మారారు. అక్షరాలు పెద్దవిగా పట్టాలని లేబుల్‌ని 24 డిగ్రీలు ఏటవాలుగా అతికించారు. మన ఓల్డ్ మంక్ పొట్టి సీసా అయితే, ఆ ఎగుడుదిగుడు గాజుని చీకట్లో తడిమినా ఇట్టే పోల్చుకోవచ్చు. అన్ని ఆలోచించినవాళ్లకి, తర్వాత ఆ సీసా ఏమవుతుందన్న ఆలోచన రాలేదా?

మా నాయనమ్మకి వచ్చేది. క్వార్టర్ సీసా రేకు మూతకి మేకుతో చిల్లు పొడిచి, పాత పంచె పీలిక దూర్చి బుడ్డి చేసేది. హాఫ్ సీసా మెడకి పురికొస కట్టిస్తే రేషన్ షాపు నుంచి కిరసనాయిలు నేనే తెచ్చేదాన్ని. ఇల్లు చేరేసరికి వేలి మీద ఎర్రటి గీత పడేది. ఫుల్ సీసాలో నువ్వులనూనె. బాబాయికి తాగుడు అలవాటు కాబట్టి, మా ఇంట్లో సీసాలకి కరువు లేదు. పిన్ని తిట్టుకుంటూనే కడిగి బోర్లించేది. మిగిలినవి పాత సీసాలవాడికి. లేబుల్ చెదరకుండా, మూతతో సహా ఇస్తే నాలుగు ఉల్లిపాయలు ఎక్కువ వేసేవాడు. అందుకని లేబుల్ తడవకుండా లోపల మాత్రమే కడిగి, మూతలు మంచం కింద నుంచి ఏరి, ఏ సీసాది ఆ సీసాకి బిగించేదాన్ని. గౌను పట్టి ఉల్లిపాయలు పోయించుకుంటుంటే ఎంత గర్వమో.

రాత్రి అన్నం దగ్గర బిరడా గురించి సణిగితే ఈయన అన్నారు, "అది మనీప్లాంట్ వాళ్ల మీద కోపంతో పెట్టింది కాదే. ఖాళీ సీసాలో కల్తీ సరుకు పోసి మళ్లీ అమ్మేవాళ్లు ఉంటారు కదా, వాళ్ల కోసం. మూత మీద హోలోగ్రామ్ స్టిక్కరూ అందుకే."

పెరుగన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గాజు కరిగించేవాడికి లేబుల్‌తో ఏం పని? మూతతో ఏం పని?

అన్నీ ఆ కల్తీవాళ్ల దగ్గరికే వెళ్లాయనను. కొన్ని ఎవరింట్లోనో నూనె సీసాలై ఉంటాయి. కానీ నేను అంత శ్రద్ధగా ఎండబెట్టిన సీసాల్లో ఎవరు ఏం పోశారో, ఎవరు తాగారో. బాబాయి కొనుక్కున్నదీ ఆ చుట్టుపక్కలే కదా.

మధ్యాహ్నం గోలీని తిట్టిన తిట్లన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడే వంటింట్లోకి వెళ్లి సీసాని బేసిన్‌లో నానబెట్టి వచ్చాను. పొద్దున్నే లేబుల్ గీకేయాలి. బంగారు రంగు అంచు, మధ్యలో సన్నటి గీతలతో బార్లీ కంకి. చాలా బాగా వేశారు. మనీప్లాంట్ కొమ్మ స్టీలు గ్లాసులోనే ఉంది.