శుక్రవారం ఆరాధనకు రాలేనివారు

కువైట్‌లో వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు కావడంతో మా తెలుగు క్రైస్తవ సంఘం ఆరాధన శుక్రవారమే జరుగుతుంది. రాజధానిలోని నేషనల్ ఎవాంజెలికల్ చర్చి ఆవరణలో అరబ్బీ, ఇంగ్లిషు, మలయాళం, తమిళం, తెలుగు మొదలైన అనేక భాషల సంఘాలు ఒకే ప్రాంగణాన్ని వేళల ప్రకారం పంచుకుంటాయి. ఒకరి ముగింపు ప్రార్థన పూర్తయ్యేసరికి మరొక భాషవారు తలుపు దగ్గర ఎదురుచూస్తూ ఉంటారు. ఈ దేశంలో అమెరికా నుంచి వచ్చిన క్రైస్తవ మిషనరీల సంస్థ అయిన అమెరికన్ మిషన్ పేరు నిలిచింది ముఖ్యంగా వైద్యసేవ వల్లనే. 1912లో వచ్చిన డాక్టర్ ఎలినార్ కాల్వర్లీ ఇక్కడి స్త్రీలకు వైద్యం చేసింది. 1920లో జహ్రా అనే ఊరి దగ్గర జరిగిన యుద్ధంలో గాయపడినవారికి డాక్టర్ మైల్రియా చికిత్స చేశాడు. వారి దగ్గరికి వచ్చిన రోగులలో అత్యధికులు ముస్లిములే. ఎవరి మతమేమిటని అడగకుండా చేసిన ఆ సేవను ఇక్కడి తెలుగు సంఘాలు తమకు దక్కిన వారసత్వంగా భావించాలన్నది నా గట్టి నమ్మకం.

ఎందుకంటే కడప, అన్నమయ్య, గోదావరి జిల్లాల నుంచి వచ్చిన మనవారిలో చాలామంది ఇళ్లల్లో పనిచేసే ఖద్దామాలు, ఇంటి డ్రైవర్లు. ఇంటిపనివారికి వారానికొక రోజు సెలవు ఇవ్వాలని 2015 నాటి 68వ నంబరు చట్టం చెబుతున్నా, ఆ సెలవు చేతికి అందని అక్కలు ఎందరో ఉన్నారు. వారి ఆకామా (ఇక్కడ ఉండేందుకు ఇచ్చే అనుమతి) యజమాని పేరుతో ముడిపడి ఉండటం వల్ల గట్టిగా అడగటానికి కూడా భయపడతారు. పాటలు ఎంత బాగా పాడినా, వాక్యం ఎంత చక్కగా చెప్పినా, గుమ్మం దాటలేని ఈ మనిషిని తన సభ్యురాలిగా లెక్కించని సంఘాన్ని కుటుంబమని పిలవటానికి నాకు మనసొప్పదు.

మా సంఘంలో మార్పు తెచ్చింది ఆడవాళ్లే. రాత్రి వంటగది పని ముగిశాక మాత్రమే ఖద్దామాల చేతికి ఫోను వస్తుంది కనుక, ఆ వేళలో వారితో మాట్లాడేందుకు కొందరు అక్కలు పేర్లు పంచుకున్నారు. మొదట ప్రార్థన కోసం మొదలైన ఆ మాటలు క్రమంగా ఆగిపోయిన జీతం, ఊళ్లో బిడ్డ చదువు, ఎవరికీ చెప్పుకోలేని నడుము నొప్పి వరకు సాగాయి. రాయబార కార్యాలయానికి వెళ్లవలసి వస్తే తోడుగా ఒకరు వెళ్తారు. ఆ తర్వాత, పెద్దల కమిటీలో కంపెనీ ఉద్యోగులే ఉండటం సరికాదని తేల్చి, ఇంటిపని చేసే ఒక అక్కను చేర్చుకున్నారు. సమావేశం ఆమెకు వీలైన సమయానికి మారింది. నా దృష్టిలో మా సంఘం చేసిన అతి గొప్ప పని ఇదే.

కులం సంగతి కూడా చెప్పాలి. మన ఊళ్లలో మాలపల్లెకొక చర్చి, మాదిగపల్లెకొక చర్చి ఉండటం తెలిసిందే. విమానం ఎక్కినంత మాత్రాన ఆ గీతలు చెరిగిపోవు. జిల్లాల వారీగా, చర్చి శాఖల వారీగా కూర్చునే అలవాటు ఇక్కడికీ వచ్చింది. అయితే ఆసుపత్రిలో పడుకున్న మనిషి పక్కన రాత్రి ఎవరు ఉండాలన్నది వంతుల ప్రకారం నిర్ణయించడం మొదలయ్యాక, ఎవరు ఎవరి పక్కన కూర్చుంటారన్నది నెమ్మదిగా అప్రధానమైపోయింది. ఆ రోగుల్లో మన హిందూ, ముస్లిం సోదరులూ ఉంటారు. వారికి మతబోధ చేయకూడదన్నది మేము కట్టుబడి పాటించే నియమం. ఆకలిగొన్నవానికి, పరదేశికి, రోగికి చేసినది తనకే చేసినట్లని చెప్పిన ప్రభువు అక్కడ మరే షరతూ పెట్టలేదు.

దేశానికి దక్షిణాన ఉన్న వఫ్రా పొలాల్లో, ఎడారిలో మేకలు, ఒంటెలు కాసే చోట్ల మనవారు ఇంకా ఒంటరిగానే ఉన్నారు. ఆరాధన ముగిశాక బియ్యం, కందిపప్పు, జ్వరం మాత్రలు, ఫోన్ రీఛార్జి కార్డులు తీసుకుని ఒక కారు అటువైపు వెళ్తుంది. నడిపే తమ్ముడు ఇంటి డ్రైవరు. యజమాని సెలవిచ్చిన వారమే ప్రయాణం సాధ్యమవుతుంది. ఉత్తరాన అబ్దలీ వైపు వెళ్లేందుకు ఇంకా ఎవరూ లేరు. లైసెన్సు ఉండి, శుక్రవారం మధ్యాహ్నం తీరిక ఉన్నవారి కోసం వెతుకుతున్నాం.