బెల్టు బిగిసే ఉంటోందేంటబ్బాయ్?

మా అపార్ట్‌మెంట్ డాబా మీద, నీళ్ళ ట్యాంకుకీ డిష్ గొడుగులకీ మధ్య మూడు నెలలుగా ఒక చెక్క సామాను పడి ఉంది. తెలియనివాళ్ళు చూస్తే ఎవరో మంచం సగం చేసి వదిలేశారనుకుంటారు. అసోసియేషన్ సెక్రటరీ గారు కూడా అలాగే అనుకుని, డాబా మీద పాత సామాన్లు తీసేయాలని లిఫ్టు పక్కన కాగితం అంటించారు. అది నాది. సైకిల్ వెనక చక్రాన్ని దాంట్లో ఇరికించి, ముందు చక్రం గాల్లోకి లేపి, అలా ఆగటం నేర్చుకుంటున్నాను. నా వయసు 41. బెజవాడ ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల కౌంటరు చూసుకుంటాను.

ఎందుకంటే, పోయిన చలికాలం కొండపల్లి వైపు మట్టి బాటలో దిగుతుంటే, వాన నీళ్ళు అడ్డంగా కోసిన గండి ఒకటి చూసుకోలేదు. జానెడు లోతు ఉంటుందేమో, అంతే. ముందు చక్రం అందులో దిగి అక్కడే ఆగింది, నేను మాత్రం ఆగలేదు. కుడి మణికట్టుకి మూడు వారాలు పట్టీ. షాపులో బిల్లు రాయడానికి కూడా పక్క కుర్రాణ్ణి పిలవాల్సొచ్చేది. మాతో సైకిల్ తొక్కడానికి వచ్చే పిల్లల్లో ఒకడు, వాడికి ఇరవై కూడా ఉండవు, "అన్నా, అక్కడ చక్రం లేపాలి. మాన్యువల్ నేర్చుకో" అన్నాడు. ఏదో సందు చివర మలుపు చెప్పినంత తేలిగ్గా.

వీలీ వేరు, మాన్యువల్ వేరు. వీలీ అంటే సీటు మీద కూర్చుని, చిన్న గేరులో పెడల్ తొక్కి ఆ ఊపుతో ముందు చక్రం లేపటం. మాన్యువల్‌లో తొక్కటమే లేదు. రెండు పెడల్సూ సమానంగా పెట్టి నిలబడతాం. ఒకసారి కిందకి నొక్కి, చేతులు చాపి, నడుముని వెనక్కీ కిందకీ వదులుతాం. బరువు వెనక్కి పోతే ముందు చక్రం దానంతట అదే తేలుతుంది. బడిలో గోడకుర్చీ వేయించేవాళ్ళు గుర్తుందా? అదే, కాకపోతే వెనక గోడ ఉండదు. ఇది వస్తే తొక్కే టైము లేని చోట గండీ, రాయీ, వేరూ దాటొచ్చు. రెండు చక్రాలూ నేల వదిలేలా సైకిల్‌తో సహా గెంతే బన్నీ హాప్‌లో మొదటి సగం కూడా ఇదేనట.

చెప్పుకోవడానికి ఇంతే. చెయ్యబోతే ఒళ్ళు ఒప్పుకోదు. ముందు చక్రం అరడుగు లేచేసరికి నడుము మళ్ళీ ముందుకొచ్చేస్తుంది. పోనీ వంద సార్లు ప్రయత్నిద్దాం అంటే, ఒక్కోసారి గాల్లో ఉండేది అర సెకను. వంద సార్లకీ కలిపి యాభై సెకన్లు. ఆ యాభై సెకన్లలో సగం భయపడటానికే సరిపోతుంది, ఇక నేర్చుకునేదెప్పుడు? మాన్యువల్ మెషీన్ అనే ఈ చెక్క సామాను అందుకే. పేరుకి మెషీనే గానీ మోటారూ లేదు, మీటా లేదు. వెనక చక్రం కదలకుండా, పక్కకి ఒరగకుండా పట్టుకునే ఒక చట్రం, వెనక్కి తిరగబడకుండా ఆపే ఒక పట్టీ. అంతే. బ్యాలెన్స్ దొరికే చోట ఎంతసేపు కావాలంటే అంతసేపు ఉండొచ్చు.

మా బావమరిది ఇల్లు కట్టిస్తున్నాడు, అక్కడ సెంట్రింగ్ విప్పిన చెక్కలు, రీపర్లు తెచ్చుకున్నాను. సిమెంటు పట్టి ఉన్నా గట్టివి. కింద రెండు పొడుగు రీపర్లు, చక్రానికి అటూ ఇటూ నిలువు కమ్మీలు, ముందొకటి వెనకొకటి అడ్డ చెక్కలు. నా టైరు రెండుంపావు అంగుళాలు, సందు రెండున్నర పెట్టాను. బోల్టులు, వాషర్లు మా షాపువే. పట్టీ మాత్రం లారీ లోడుకి కట్టే రాచెట్ బెల్టు. టన్నుల సరుకుని ఆపేది, నా 78 కిలోలు దానికో లెక్క కాదు. బెల్టు ఒక కొస సీటు పోస్టు మొదట్లో ఫ్రేముకి చుట్టి, రెండో కొస చట్రం ముందు భాగంలో హుక్కుకి తగిలించాను. సైకిల్ వెనక్కి వాలే కొద్దీ బెల్టు బిగుస్తుంది, ఒక చోట ఆపేస్తుంది.

మొదటి రోజు బెల్టు ఆపింది. చట్రం ఆగలేదు. చక్రం వెనక చెక్క ముప్పావు అడుగే ఉంచాను. నేను వెనక్కి వేలాడగానే సైకిల్, చట్రం, నేను ముగ్గురం కలిసి లేచాం. పడ్డది రెండో అంతస్తు పిన్నిగారి గుమ్మడి వడియాల పక్కన. పక్కన అని నేనంటాను. ఒక వరస మీద అని ఆవిడంటారు. ఆ సాయంత్రమే వెనకవైపు ఇంకో రెండడుగుల రీపర్లు కలిపి బిగించాను. ఎవరైనా చేయించుకుంటే వెనక పొడుగు విషయంలో మాత్రం పిసినారితనం వద్దు.

అది ఏప్రిల్. మే వచ్చేసరికి టైము పొద్దున్న ఐదున్నర నుంచి ఆరుంపావు వరకే. రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, బెజవాడ డాబా మీద ఏడు గంటలకే అరికాళ్ళు పగిలేలా ఉంటాయి. ఆ టైముకే పిన్నిగారు కూడా పాత చీర పరిచి వడియాలు పెట్టుకునేవారు. నేను పడ్డప్పటి నుంచి ఆవిడ ఓ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని కూర్చోవటం మొదలెట్టారు. కాకుల కోసం అన్నారు గానీ, కాపలా నా మీదే.

మూడు వారాల్లో నాకు వచ్చేసిందనే అనుకున్నాను. ముందు చక్రం లేపి యాభై లెక్కపెట్టేవాణ్ణి. ఫోన్‌లో వీడియో తీసి గ్రూపులో పెడితే పిల్లలు చప్పట్ల బొమ్మలు పెట్టారు. ఆ మర్నాడు యాభై అయి, అరవై వైపు వెళుతున్నాను. పిన్నిగారు కుర్చీలోంచే అడిగారు:

"అబ్బాయ్, ఆ బెల్టు ఎప్పుడూ బిగిసే ఉంటోందేంటి? వదులుగా ఉంటే పడిపోతావా?"

కిందకి చూశాను. బెల్టు వీణ తీగలా ఉంది. నేను దండెం మీద తడి దుప్పటిలా దానికి వేలాడుతున్నాను. మూడు వారాలుగా నేను చేసిందల్లా ఇదే. బ్యాలెన్స్ అంతా బెల్టుదే, అరవై లెక్కపెట్టింది మాత్రం నేను.

పిన్నిగారిది దుగ్గిరాల పక్క పల్లెటూరు. వాళ్ళ నాన్నగారికి రెండెడ్ల బండి ఉండేదట. ఆ రోజు వడియాల పిండి చేత్తోనే ఉంచుకుని ఆవిడ చెప్పింది నాకు ఏ వీడియోలోనూ దొరకలేదు. బండికి ఉన్నది ఒకటే ఇరుసు కదా. గడ్డి వేసేటప్పుడు వెనక బరువెక్కువైతే కాడి పైకి లేచి ఎడ్ల మెడకి ఉరి పడుతుంది. ముందెక్కువైతే కాడి దిగి మెడ పుండు పడుతుంది. అందుకని గడ్డంతా వేశాక వాళ్ళ నాన్నగారు కాడి కింద చెయ్యి పెట్టి లేపి చూసేవారట. ఒక్క చేత్తో, కూరల సంచి లేపినట్టు లేవాలి. లేవకపోతే రెండు మోపులు వెనక్కి. మరీ తేలిగ్గా లేస్తే ఒకటి ముందుకి. "బరువెంతన్నది కాదు, ఇరుసు మీదికి వచ్చిందా లేదా అన్నదే లెక్క" అని ఆవిడ పిండి చేత్తోనే గాల్లో కాడి లేపి చూపించారు. రెండు వేళ్ళతో.

మా షాపుకొచ్చే డ్రైవర్లు కూడా వెనక లోడెక్కువైతే స్టీరింగు తేలిపోతోందని చెప్తూనే ఉంటారు. ఇరవై ఏళ్ళుగా వింటున్నాను. నా సైకిలూ అదే బండి అని తోచలేదు, ఏం చేస్తాం.

మర్నాటి నుంచి పద్ధతి మార్చాను. బెల్టు రెండంగుళాలు వదులు చేశాను. లెక్కపెట్టడం మానేశాను. ముందు చక్రం లేపి, బెల్టు తగిలేదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి మోకాళ్ళు కాస్త మడిచి నడుముని దగ్గరకి లాక్కోవాలి, అప్పుడు బెల్టు జారి వేలాడుతుంది. మరీ మడిస్తే ముందు చక్రం దిగిపోతుంది. దిగుతోందనిపించగానే కాళ్ళు చాపి నడుము వెనక్కి తోయాలి, మళ్ళీ లేస్తుంది. చేతులకి ఇందులో పనే లేదు. చేతులు హ్యాండిల్‌కి కట్టిన రెండు తాళ్ళనుకోండి. మోచేతులు మడిచి లాగితే రొమ్ము హ్యాండిల్ మీదికి పోతుంది, మొత్తం పాడవుతుంది. ఈ చేతుల సంగతి ఒంటికి ఎక్కడానికి ఇంకో వారం పట్టింది.

బెల్టు వదులైనప్పుడల్లా పిన్నిగారు "ఊ" అనేవారు. బిగిస్తే ఏమీ అనేవారు కాదు. ఊ, ఊ, తర్వాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఊ. మొదటి రోజు మొత్తానికి ఏడెనిమిది ఊలు. అసలు బ్యాలెన్స్ దొరికే చోటు నేననుకున్న దానికంటే బాగా వెనక ఉంది. అక్కడికి వెళ్ళినప్పుడు ఇక పోయాం, వీపు మీద పడ్డాం అనిపిస్తుంది. ఆ అనిపించే చోటే హ్యాండిల్ చేతుల్లో దూది అయిపోతుంది. బరువు ఉండదు. మొదటిసారి తగిలినప్పుడు ఎందుకో నవ్వొచ్చింది, నవ్వేసరికి చక్రం దిగిపోయింది.

జూన్‌లో నున్న దాటాక ఒక వెంచర్‌కి వెళ్ళటం మొదలెట్టాను. ప్లాట్లు అమ్ముడుపోయాయి, ఇళ్ళు లేవు, తారు రోడ్లు మాత్రం పెళ్ళికి ముగ్గేసినట్టున్నాయి. మనుషులకంటే గేదెలెక్కువ. చిన్నప్పుడైతే పీడబ్ల్యూడీ గ్రౌండు ఉండేది. గంటకి రూపాయి అద్దె సైకిల్ మీద నేను నేర్చుకుంది అక్కడే, వెనక క్యారేజీ పట్టుకుని మా నాన్న పరిగెత్తేవారు. ఇప్పుడక్కడ 125 అడుగుల అంబేడ్కర్ విగ్రహం ఉంది. ఊళ్ళో ఖాళీ నేల కావాలంటే ఇక రియల్ ఎస్టేట్ వాళ్ళ దయ.

సీటు పూర్తిగా దించాను, హెల్మెట్, చేతి గ్లవ్స్ అన్నీ ఉన్నాయి. కాస్త దిగుడున్న రోడ్డు, నడక కంటే రెండింతలు వేగం. నడుము వదిలాను. డాబా మీద దొరికిన చోటే ఇక్కడా దొరికింది, భయపడలేదు కూడా. ఆ భయపడకపోవటమే కొంప ముంచింది. ఇంకాస్త వెనక్కి వెళ్ళాను, బెల్టు ఆపుతుందని ఒంట్లో ఎక్కడో నమ్మకం. బెల్టు డాబా మీద ఉంది. కాళ్ళు పెడల్స్ మీంచి జారి రోడ్డు మీద రెండడుగులు పరిగెత్తి కూలబడ్డాను. సైకిల్ మాత్రం నేను లేకుండానే ముందుకెళ్ళి సర్కారు తుమ్మల్లో దూరింది. రెండు టైర్లకీ కలిపి నాలుగు ముళ్ళు.

రోడ్డు మీద బెల్టు పని వెనక బ్రేకుది. నా బండికి అది ఎడమ చేతివైపు. వెనక్కి ఎక్కువైపోతే ఒక వేలితో అలా నొక్కితే చాలు, ముందు చక్రం కిందకొచ్చేస్తుంది. ఇది తెలియక కాదు. మెషీన్‌లో దీన్ని నేర్చుకోవడానికి వీలే లేదు. అక్కడ చక్రం తిరగదు. తిరగని చక్రానికి బ్రేకేస్తే ఫ్రేమూ చక్రమూ కలిసి బిగుసుకుపోతాయి, లేని నిలకడ ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే డాబా మీద వేలు బ్రేకు దగ్గరికి రానివ్వలేదు, అదే అలవాటైంది. వెంచర్‌లో మొదటి పది రోజులూ వేరే పనేం పెట్టుకోలేదు. కావాలని ఎక్కువ వెనక్కి వెళ్ళటం, బ్రేకు నొక్కి దింపటం. లేపటం, దింపటం. దూరం సంగతి తర్వాత.

దూరం ప్లాట్ల రాళ్ళతో కొలుస్తాను. రాయికీ రాయికీ మధ్య నలభై అడుగులు. జూలై మొదటి ఆదివారం ఒక రాయి దగ్గర లేపి రెండో రాయి దాటాక దింపాను. గేదెల వెనక ఉన్న ముసలాయన తప్ప చూసినవాళ్ళు లేరు. ఆయన "ముందు చక్రానికి ఏమన్నా అయిందా బాబూ?" అని అడిగారు.

రెండు రాళ్ళు దాటాక మాత్రం ఎడమకి ఒరుగుతోంది. మెషీన్‌లో చక్రానికి అటూ ఇటూ కమ్మీలు కదా, పక్కకి ఒరగటం అనేదే నాకు అక్కడ ఎదురవలేదు. మోకాలు పక్కకి తెరిచి సరిచేసుకోవాలని పిల్లలు చెప్తున్నారు. కుడి మోకాలు తెరిస్తే కుడికి వస్తుందట. నాకు రెండూ ఒకేసారి తెరుచుకుంటున్నాయి.

వర్షాలు కాస్త తెరిపి ఇస్తే కొండపల్లి ఆ గండి దగ్గరికి వెళ్ళాలి. ఈలోపు అసోసియేషన్ సెక్రటరీ గారు మళ్ళీ అడిగారు, ఆ సామాను ఎప్పుడు తీస్తారని. నేను జవాబు చెప్పేలోపే లిఫ్టులోంచి పిన్నిగారు, "దాని సంగతి నేను చూసుకుంటాను, మీరు ముందు ట్యాంకు కడిగించండి" అన్నారు.