నెట్టావా, గెంటావా?

మా వాడి టీచర్ పంపిన చీటీలో ఒక్కటే వాక్యం. మీవాడు ఇవాళ వరసలో ముందున్న పిల్లవాణ్ని 'షవ్' (shove) చేశాడు అని, ఇంగ్లీషులో.

"ఏరా, ఎవర్నో నెట్టావట?" అన్నాను.

"అది పుష్ నాన్నా, షవ్ కాదు." ఎనిమిదేళ్ళవాడు, కళ్ళనిండా నీళ్ళు, వాదన మాత్రం ప్లీడరుది.

ఇన్నేళ్ళుగా నాకు రెండూ ఒకటే. తలుపుల మీద పుష్ అని రాస్తారు, షవ్ అని ఎవరూ రాయరని అప్పుడే తట్టింది. ఉయ్యాలను పుష్ చేస్తాం, మీటనూ పుష్ చేస్తాం. అందులో మెల్లగా అన్నదీ ఇముడుతుంది. షవ్‌లో ఇమడదు. ఒక్క ఉదుటున, మోటుగా, ఎదుటివాడు తూలితే తూలనీ అన్నట్టు తోసెయ్యడం అది. అంటే టీచర్ ఫిర్యాదు వాడి చేతి మీద కన్నా వాడి తీరు మీద.

అలాగని ప్రతిచోటా దెబ్బలాట కాదు. సోఫాలో వాళ్ళక్క 'షవ్ ఓవర్' అంటే "కాస్త జరగరా" అని, అంతే. అదే పిల్ల విసుగెత్తి 'షవ్ ఆఫ్' అంటే "పో అవతలకి". పడవను ఒడ్డు నుంచి తోసి కదిలించడాన్నీ అలాగే అంటారు. బట్టలు మడత పెట్టకుండా సొరుగులో షవ్ చేస్తే అది మన కుక్కడం. (మా ఇంట్లో ఈ అర్థానికి వాడకం ఎక్కువ.) పీకల మీదకొచ్చిన పరిస్థితిని పుష్ కాస్తా షవ్ అయినప్పుడు అని చెప్పుకుంటారు. వాడు పట్టుకున్న తేడా ఆ జాతీయంలోనే ఉంది, వాడికింకా తెలియదు కాబట్టి నేను బతికిపోయాను.

"షవ్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు.

"నెట్టడం."

"పుష్‌కీ అదే చెప్పావుగా!"

తెలుగులో అంత తేడా లేదులే అనబోయాను. ఫోన్ స్పీకర్లో అమ్మ ఉందన్న సంగతే మరిచాను.

"లేకపోవడమేమిట్రా? నెట్టడం, తొయ్యడం, నూకడం, గెంటడం, కుక్కడం. ఇంట్లో నువ్వు ఒక్క మాటతోనే సరిపెడుతుంటే వాడికెలా తెలుస్తాయి?"

నా దగ్గర జవాబు లేదు. అమ్మ వాణ్ని పిలిచింది.

"కన్నా, నిజం చెప్పు. ఊరికే నెట్టావా, వరసలోంచి గెంటావా?"

గెంటడం అంటే ఏమిటో విడమరిచి చెప్పించుకున్నాడు. కాసేపు నేల చూపులు చూశాడు.

"కొంచెం గెంటాను నానమ్మా."