చెన్నై నుంచి అమెరికా కాలేజీ టెన్నిస్‌కి

ప్లస్ టూలో కోచ్‌లకి మెయిళ్లు మొదలుపెడితే ఆలస్యమే. డివిజన్ వన్ (అమెరికా కాలేజీ ఆటల్లో పై స్థాయి) కోచ్‌లు పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచే రిక్రూటింగ్ సంగతులు రాయగలరు. అంతకుముందు జవాబు రాకపోతే వద్దన్నట్టు కాదు, బెంగపడకండి.

మెయిల్ పిల్లలే రాయాలి. సబ్జెక్టులోనే ప్లస్ టూ ముగిసే ఏడాది, యూటీఆర్ (ఆటగాడి స్థాయి చెప్పే అంతర్జాతీయ టెన్నిస్ రేటింగ్) ఉండాలి. వీడియో ఐదు నిమిషాలు చాలు. నుంగంబాక్కం స్టేడియంలో ఆడినా, వీధి చివరి అకాడమీలో ఆడినా ఫోన్‌ని బేస్‌లైన్ వెనక కంచెకి, తల కంటే ఎత్తులో కట్టండి. కింద పెడితే బంతి ఎంత లోతుగా పడిందో కనిపించదు. విన్నర్లే ఏరి అతికించొద్దు. రెండు గేములు కోత లేకుండా ఉంచండి, పాయింటు పోయాక మీ నడక ఎలా ఉందో కూడా కోచ్‌కి కావాలి.

డివిజన్ వన్‌లో ఆడాలంటే చదువు కూడా లెక్కే: తొమ్మిదో తరగతి నుంచి పన్నెండు దాకా 16 కోర్ కోర్సులు (ఇంగ్లిష్, లెక్కలు, సైన్స్ లాంటి ముఖ్య సబ్జెక్టులు), వాటిలో జీపీఏ (4కి లెక్కగట్టే మార్కుల సగటు) కనీసం 2.3. టోర్నమెంట్ల కోసం తొమ్మిదో తరగతి చదువుని వదిలేస్తే దెబ్బ ఇక్కడే. కింది స్థాయి అయిన డివిజన్ త్రీలో ఆటకి స్కాలర్‌షిప్ ఉండదు.