అతను అడగలేదు, నేను చెప్పలేదు

2014 అక్టోబరు 12న విశాఖలో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో వేపచెట్టు విరిగి నా స్కూటర్ మీద పడింది. చాసిస్ వంగిపోయింది. మెకానిక్ వెల్డింగ్ పెట్టి పెయింట్ వేస్తే కొత్త బండిలా మెరిసింది. ఏడాది తర్వాత 22 వేలకి అమ్మేశాను. కొన్నాయన కంచరపాలెంలో వడ్రంగి. హారన్ కొట్టి చూసి, "బాగుంది సార్" అన్నాడు. చెట్టు సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

నోటితో అబద్ధం ఆడలేదు కదా అని చాన్నాళ్లు సర్దిచెప్పుకున్నాను. "అబద్ధ సాక్ష్యం పలుకరాదు" అన్నది మన కథోలికులకి పది ఆజ్ఞల్లో ఎనిమిదోది (మా పక్కింటి బాప్టిస్టుల లెక్కలో తొమ్మిదోది). పలకలేదుగా మరి! ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో ఒక రాత్రి సత్యోపదేశ గ్రంథం తీశాను, మన సంఘం బోధనలన్నీ ఉండే పుస్తకం. ఎదుటివారిని పొరపాటులో పడేయాలని సత్యానికి విరుద్ధంగా మాట్లాడినా, ప్రవర్తించినా అబద్ధమేనని 2483వ పేరాలో ఉంది. "ప్రవర్తించినా" దగ్గర ఆగిపోయాను. నా అబద్ధం ఆ పెయింటే.

ఆ పుస్తకం 1992లో వచ్చిన మొదటి పాఠంలో, ఇదే వాక్యంలో "ఎదుటివారిని" అన్నచోట "సత్యం తెలుసుకునే హక్కున్న వారిని" అని ఉండేది. 1997 నాటి అధికారిక లాటిన్ పాఠంలో ఆ హక్కు మాట తీసేశారు. ఉన్నా నాకు కలిసొచ్చేది కాదు. డబ్బిచ్చి కొనేవాడికి తెలుసుకునే హక్కు లేదని ఏ ముఖంతో అంటాను?

జ్ఞానాపురం సెయింట్ పీటర్స్ కథీడ్రల్‌లో పాపసంకీర్తనానికి, అంటే ఫాదర్‌గారి దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి వెళ్లాను. ప్రాయశ్చిత్తంగా పది మంగళవార్త జపాలు (మరియమ్మ ప్రార్థనలు) చెప్పమంటారేమో అనుకున్నాను. ఫాదర్‌గారు అంతా విని, "అతని ఇల్లు తెలుసా?" అని అడిగారు. క్షమాపణ దొరికినా జరిగిన నష్టాన్ని సరిచేసే బాధ్యత పోదు, అదీ సత్యోపదేశంలోనే ఉంది, 2487లో. చదివినప్పుడు ఆ పేరా గబగబా దాటేశాను.

ఆదివారం పూజ అవగానే 22 వేలు కవరులో పెట్టుకుని వెళ్లాను. గుమ్మం పక్కన నా పాత బండి. మాట గొంతులోంచి రావడానికి చాలాసేపు పట్టింది. అతను వింటూ ఉలి పక్కన పెట్టాడు.

"వెల్డింగ్ కనబడ్డ రోజు నుంచి పాపని వెనకాల ఎక్కించుకోవడం మానేశాను సార్."

కవరు ఇచ్చి, బండి నేను తీసుకెళ్లి తుక్కుకి వేసేస్తానన్నాను. డబ్బులు లెక్కపెట్టలేదు. తాళంచెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"అప్పుడే చెప్పుంటే పోయేది కదా సార్. ఇంకో బండి చూసుకునేవాణ్ణి."