77 నిమిషాల మెటాలికా

ఆదివారం, ఏప్రిల్ 16, 2023

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా ఆల్బమ్ '72 సీజన్స్' 2023 ఏప్రిల్ 14, శుక్రవారం వచ్చింది. పన్నెండు పాటలు, 77 నిమిషాలు. వీటిలో నాలుగు పాత చుట్టాలే. నవంబర్‌లో లక్స్ ఎటెర్నా, జనవరిలో స్క్రీమింగ్ సూసైడ్, మార్చిలో ఇఫ్ డార్క్‌నెస్ హాడ్ ఎ సన్, టైటిల్ పాట వచ్చేశాయి. వినివిని అలవాటైన ఆ నాలుగే చెవికి గొప్పగా తోస్తాయి, కొత్తవి వెలవెలబోతాయి. కాబట్టి మొదటిసారి ఆ నాలుగూ పక్కన పెట్టి, మిగిలిన ఎనిమిదీ విడిగా వినడం మేలు. షాడోస్ ఫాలో, రూమ్ ఆఫ్ మిర్రర్స్ ఎంత గట్టి పాటలో అప్పుడు తెలుస్తుంది.

పాత ఆల్బమ్‌లతో పోల్చాలంటే ముందు వాల్యూమ్ సంగతి చూడాలి. రెండు రికార్డింగుల మధ్య ఒకటి రెండు డెసిబెల్స్ తేడా ఉన్నా, గట్టిగా మోగేదే బాగుందని చెవి తీర్పు చెప్పేస్తుంది. 1986 నాటి 'మాస్టర్ ఆఫ్ పపెట్స్' తొలి సీడీ ఇప్పటివాటి కన్నా చాలా మెల్లగా మోగుతుంది. స్పాటిఫైలో ఆడియో నార్మలైజేషన్ ఆన్ చేస్తే అన్నిటినీ దాదాపు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి తోచే గట్టితనాన్ని కొలిచే లెక్క) దగ్గరికి తెస్తుంది. ఫోన్‌లో బాస్ బూస్ట్, ఈక్వలైజర్ ఆపేయాలి. బ్లూటూత్ కన్నా వైరున్న హెడ్‌ఫోన్ నయం. బ్లూటూత్‌లో శబ్దాన్ని కుదించి పంపే పాత ఎస్‌బీసీ కోడెక్ తక్కువ బిట్‌రేట్‌లో నడిస్తే ముందు చెడేది సింబల్స్ (డ్రమ్స్‌తో ఉండే ఇత్తడి తాళాలు) మోత, ఈ సంగీతంలో అదేమో ఆగదు.

ఈ గొడవంతా ఎందుకంటే 2008లో మెటాలికా ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్' మిగిల్చిన అనుభవం అలాంటిది. డిజిటల్ రికార్డింగ్‌లో సున్నా డెసిబెల్స్ పైన చోటు లేదు. ఆ ఆల్బమ్‌లో జరిగినట్టు, గట్టిగా మోగాలని శబ్దాన్ని నొక్కి అంతకు మించి తోస్తే తరంగం తల బల్లపరుపుగా తెగిపోతుంది, స్నేర్ డ్రమ్ దెబ్బ పడ్డచోట చిటపట వినిపిస్తుంది. వాల్యూమ్ తగ్గించినా లాభం లేదు. మంట తగ్గిస్తే మాడిన పోపు బాగుపడదు కదా. మిక్స్ (వాయిద్యాలన్నీ కలిపిన రికార్డింగ్) తన దగ్గరికే అలా వచ్చిందని మాస్టరింగ్, అంటే విడుదలకు ముందు చివరి మెరుగు, చేసిన టెడ్ జెన్సెన్ చెప్పాడు. విచిత్రమేమిటంటే, గిటార్ హీరో వీడియో గేమ్ కోసం అవే పాటలు విడి ట్రాకులుగా వెళ్లాయి, ఆ నొక్కుడు లేకుండా. అభిమానులు గేమ్‌లోంచి పాటలు లాగి విన్నారు!

గ్రెగ్ ఫిడెల్‌మన్ ప్రొడ్యూస్ చేసిన '72 సీజన్స్'లో ఆ జబ్బు లేదు. గట్టిగానే ఉంది, కానీ కిక్ డ్రమ్, బాస్ వేర్వేరుగా వినిపిస్తాయి. 1988 నాటి '...అండ్ జస్టిస్ ఫర్ ఆల్'లో బాస్‌ని వెతుక్కోవాల్సి వచ్చినవాళ్లకు ఇది పండగే.

నా ఫిర్యాదు నిడివి మీద. పపెట్స్‌లో ఎనిమిది పాటలు, 55 నిమిషాలలోపు. ఇక్కడ రిఫ్‌లు (మళ్లీమళ్లీ వచ్చే గిటార్ వరసలు) బాగానే ఉన్నాయి, ప్రతిదాన్నీ రెండు చుట్లు ఎక్కువ తిప్పారు. క్రౌన్ ఆఫ్ బార్బ్‌డ్ వైర్ దగ్గర ఊపు తగ్గుతుంది, చేజింగ్ లైట్ దాన్ని పూర్తిగా లేపలేదు. మూడున్నర నిమిషాలలోపే ముగిసే లక్స్ ఎటెర్నా తర్వాత ఆ బరువు మరీ తెలుస్తుంది. గిటారిస్ట్ హామెట్ సోలోల్లో వా పెడల్ (గిటార్ శబ్దాన్ని 'వా' అనిపించే కాలి మీట) ఎక్కువైందన్న మాటా నిజమే. గిటార్ వాయిస్తూ పాడే హెట్‌ఫీల్డ్ కుడిచేయి మాత్రం ఇంకా పాత హెట్‌ఫీల్డ్‌దే.

చివరి పాట ఇనమొరాటా వేరే లెక్క. పదకొండు నిమిషాలు దాటుతుంది, మెటాలికా సొంత పాటల్లో అంత పొడవైనది లేదు. మధ్యలో గిటార్లు తప్పుకుని బాస్ వాయించే ట్రుహియోకి దారి వదులుతాయి. అక్కడ కంగారు లేదు. చిన్న ఫోన్ స్పీకర్‌లో వింటే ఆ భాగం ఖాళీగా ఉంటుంది, పాట అర్థమే కాదు.

సూదితో వినే వినైల్ రికార్డు కొనేవాళ్లకో మాట. 77 నిమిషాలు రెండు రికార్డుల నాలుగు సైడ్లకు పంచితే సైడుకి పందొమ్మిది, అది సుఖమైన కొలతే. చిక్కల్లా ఇనమొరాటా చిట్టచివర, అంటే లోపలి గాడుల్లో ఉండటం. అంచు దగ్గర సూది కింద గాడి సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు నడిస్తే, లోపల 21కి పడిపోతుంది. అదే శబ్దం సగంలోపు చోటులో ఇరుక్కోవాలి. అక్కడ సింబల్స్ చిట్లినట్టు వినిపిస్తే రికార్డుని తిట్టే ముందు సూది తుడవాలి, ప్రొట్రాక్టర్ (కోణమానిని) పెట్టి సూదిని పట్టుకునే కార్ట్రిడ్జ్ కోణం సరిచూడాలి. ఈ తిప్పలు వద్దనుకుంటే సీడీ ఉంది. దాదాపు ఇంతే నిడివున్న 2016 నాటి 'హార్డ్‌వైర్డ్'ని రెండు డిస్కులు చేసి అమ్మారు. ఈసారి అంతా ఒక్క డిస్కులోనే పెట్టారు.